మన లెక్క ఎవరి చేతిలో ఉంది? కరణం దస్త్రం నుంచి ట్రెజరీ బిల్లు దాకా

  

డిగ్రీ అయ్యాక ఏం చేయాలి అని మన గ్రూపులో ఎప్పుడు చర్చ వచ్చినా మూడే జవాబులు వస్తున్నాయి. డీఎస్సీ, కానిస్టేబుల్, బ్యాంకు. ఈ మూడూ మంచి ఉద్యోగాలే, కాదనను. కానీ ట్రెజరీ, ఆడిట్, అకౌంట్స్ అనే మాట మనోళ్ళ నోట రావడం లేదు. "అవి లెక్కలోళ్ళ ఉద్యోగాలు, మనకెందుకు" అని ఒక అన్న మొన్న రాశాడు. ఆ మాట పట్టుకునే ఈ పోస్ట్ రాస్తున్నా. లెక్కలోళ్ళు అనేవాళ్ళు పుట్టుకతో వచ్చారా, ఎవరైనా అలా చేసి పెట్టారా? మన జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల చరిత్రతోనే చెప్తా. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

హాస్టల్లో ఉన్న వాళ్ళందరికీ "బిల్లు ట్రెజరీలో ఉంది" అనే మాట తెలుసు. మెస్ చార్జీలు రాలేదంటే అదే మాట. స్కాలర్‌షిప్ పడలేదంటే అదే మాట. కాంట్రాక్టర్ రిపేరు మధ్యలో వదిలేసి పోయినా అదే మాట. మన అన్నం ఆ ట్రెజరీ అనే చోటు మీద ఆధారపడి ఉంది. అయినా అక్కడ ఏం జరుగుతుందో మనలో చాలామందికి తెలియదు. ఇది ఇవాళ్టి సంగతి కాదు. చాలా పాత సంగతి.

ధనంబోడు

జగ్గయ్యపేట దగ్గర బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బ పేరు ధనంబోడు. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వకాలు చేశాడు. అక్కడ దొరికిన ఒక శిల్పంలో చక్రవర్తి చెయ్యి పైకెత్తి నిలబడితే మేఘాల నుంచి నాణేలు వానలా పడుతుంటాయి. పోటీ పరీక్షల పుస్తకాల్లో కూడా ఆ బొమ్మ కనిపిస్తుంది. రాజు చెయ్యి ఎత్తితే డబ్బు కురుస్తుంది అని జనం నమ్మిన కాలం అది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ మన తండాల్లో, కాలనీల్లో సర్కారు డబ్బు గురించి అలాగే అనుకుంటారు. పైనుంచి పడుతుంది, పడితే మన అదృష్టం, పడకపోతే కర్మ.

అదే స్తూపం దగ్గర ఆయక స్తంభాల మీద శాసనం కూడా ఉంది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో వేసింది. సిద్ధార్థుడు అనే ఒక పనివాడు, శిల్పి, తన కుటుంబంతో కలిసి అయిదు స్తంభాలు నిలబెట్టించాడని అందులో ఉంది. ఏ ఏడు, ఏ ఋతువు, ఏ పక్షం, ఏ రోజు, ఎవరి కొడుకు, ఏ ఊరివాడు, ఏం ఇచ్చాడు అన్నీ రాసి ఉన్నాయి. ఇప్పటి ఓచర్‌లో అడిగేవి కూడా ఇవే: ఎవరు, ఎప్పుడు, ఎంత, దేనికి. ఆ పనివాడు రాజు కాదు. కానీ అతని పేరు రాతిలోకి ఎక్కింది కాబట్టి పదిహేడు వందల ఏళ్ళ తర్వాత నేను ఇక్కడ రాయగలుగుతున్నా. రాతలోకి ఎక్కినవాడే లెక్కలో ఉంటాడు.

లెక్కలోకి ఎక్కని వాళ్ళు

ఇప్పుడు రెండో సంగతి. జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు మీద దీన్ని పేటగా కట్టించాడు. అమరావతిలో కోట, గుళ్ళు, గోపురాలు, దానాలు ఇవన్నీ ఆయన ఖాతాలో గొప్పగా రాసి ఉంటాయి. ఆయన 1816లో చనిపోయాడు.

ఆయన గురించి ఇంకో కథనం కూడా తరతరాలుగా ఉంది. దోపిడీలు చేస్తున్నారని చెంచులను భోజనానికి పిలిపించి, వచ్చినవాళ్ళను వరసగా నరికించాడని. అమరావతి దగ్గర నరుకుళ్ళపాడు అనే ఊరికి ఆ పేరు అందుకే వచ్చిందని చెబుతారు. ఆ పాపం పీడించి, అన్నం ముద్దలో పురుగులు కనపడి, తర్వాత ఆయన గుళ్ళకు దానాలు చేశాడని కథ ముగిస్తారు. గమనించండి, కథ మొత్తం ఆయన బాధ గురించే. చనిపోయిన చెంచుల్లో ఒక్కరి పేరు కూడా మనకు మిగల్లేదు. ఎంతమంది అనేది కూడా ఒకరు నూటయాభై అంటారు, ఇంకొకరు ఆరొందలు అంటారు. గుడికి ఇచ్చిన దీపానికి, భూమికి లెక్క ఉంది. మనుషుల ప్రాణానికి లెక్క లేదు. ఎందుకంటే లెక్క రాసేవాళ్ళలో చెంచు ఒక్కడూ లేడు.

కరణం చేతి కలం

ఊళ్ళో లెక్క రాసినవాడు కరణం. శిస్తు ఎంత, ఎవరి పొలం ఎంత, ఏ పంట, ఎంత బాకీ, అన్నీ ఆయన దస్త్రంలో ఉండేవి. ఈస్టిండియా కంపెనీ 1802లో మన జిల్లాల్లో జమీందార్లతో శాశ్వత పైకం ఒప్పందం చేసుకున్నప్పుడు, అదే ఏడు కరణాల గురించి కూడా వేరుగా ఒక రెగ్యులేషన్ తెచ్చింది. జమీందారు చెప్పిన లెక్క నిజమా కాదా తెలుసుకోవాలంటే ఊరి దస్త్రం కావాలని కంపెనీకి బాగా అర్థమైంది. అంటే తుపాకులు ఉన్న కంపెనీ కూడా కాగితం కోసం కరణం మీద ఆధారపడింది. కలానికి ఉన్న బలం అంత.

1895లో మద్రాసు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం చేసింది. తండ్రి తర్వాత కొడుకు. కోస్తాలో ఈ ఉద్యోగం ఎక్కువగా నియోగి బ్రాహ్మణ కుటుంబాల్లో ఉండేది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్తున్నా, ఎవరి మీదా ద్వేషంతో రాయడం లేదు. ఆ కుటుంబాల్లో నిజాయితీగా దస్త్రాలు కాపాడినవాళ్ళు ఉన్నారు. ఆ దస్త్రాల వల్లే భూమి నిలబెట్టుకున్న పేదలూ ఉన్నారు. తప్పు చట్టంలో ఉంది. ఒక పని నేర్చుకునే హక్కు పుట్టుకను బట్టి ఉంటే, బయటివాడికి ఆ పని ఎప్పటికీ రాదు. రానివాడిని చూపించి "వీళ్ళకు లెక్కలు రావు" అంటారు. "లెక్కలోళ్ళు" అనే మాట పుట్టింది ఇలాగే.

మరి మన పేరు ఏ రిజిస్టర్లో ఉంది?

లంబాడీలకు లెక్కలు రావు అనేది పచ్చి అబద్ధం. రైలు రాకముందు దక్కన్‌లో సరుకు మోసింది ఎవరు? ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రం ఒడ్డు నుంచి లోపలికి, లోపలి నుంచి ఒడ్డుకు తిరిగింది మన లదేణీ బిడారులే. తండా అనే మాటకు మొదటి అర్థం ఆ బిడారే. వందల ఎద్దులు, సరుకు, బాడుగ, దారిలో సుంకాలు, నష్టం వస్తే ఎవరి వాటా ఎంత, ఇదంతా నాయక్ నోటి లెక్కతో నడిచింది. లెక్క ఉంది, కాగితం మాత్రం లేదు. 1889లో నిజాం రైలు బెజవాడకు చేరింది. రైలుతో, రోడ్లతో మన రవాణా పోయింది. నోటి లెక్కకు విలువ పోయింది.

తర్వాత మన పేర్లు కాగితం మీదకు వచ్చాయి, కానీ ఏ కాగితం? 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రంలోనూ అమలైంది. పోలీసు రిజిస్టర్లో పేరు, వేలిముద్ర, హాజరు. ఎరుకల కుటుంబాలను 1913లో స్టువర్టుపురం సెటిల్‌మెంట్‌లో పెట్టారు. దేశం మొత్తం మీద ఆ చట్టం 1952లో రద్దయింది. శిస్తు కట్టేవాడిగా కాదు, జీతం తీసుకునేవాడిగా కాదు, అనుమానితుడిగా సర్కారు మన పేరు రాసుకుంది. మన తాతలు రిజిస్టర్ అంటే భయపడ్డారంటే కారణం ఇదే. ఆ భయం ఇంకా మన ఇళ్ళల్లో ఉంది. ఆఫీసు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడటం ఆ భయమే.

ఏజెన్సీలో కథ ఇంకోలా నడిచింది. 1879 రంప తిరుగుబాటుకు కారణాల్లో కల్లు మీద వేసిన చిగురుపన్ను ఒకటి. రెండోది, కింది నుంచి వచ్చిన వ్యాపారులు అప్పు పత్రాలు రాయించుకుని, గిరిజనులు కోర్టుకు రాలేని పరిస్థితిలో ఏకపక్ష డిక్రీలు తెచ్చుకుని పశువులు, పంట పట్టుకుపోవడం. చదవలేని కాగితం మీద వేలిముద్ర ఎంత ప్రమాదమో రంప చెప్పింది. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1917లో ఏజెన్సీ భూముల చట్టం, తర్వాత 1959లో, 1970లో రెగ్యులేషన్లు వచ్చాయంటే వాటి వెనకాల ఈ చరిత్ర ఉంది.

మార్లవాయి చూపిన దారి

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపాక, నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను ఆదిలాబాద్ పంపింది. గోండుల భూమి ఎందుకు పోతోందో ఆయన చూశాడు. పట్టా ఎవరి పేరు మీద ఎక్కుతోందో గోండులకు తెలియదు. రాసేవాడు బయటివాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు శిక్షణ మొదలైంది. ముందు టీచర్లను తయారు చేశారు. అలా చదువుకున్న వాళ్ళల్లోంచి ఊరి ఉద్యోగాలకు, సర్కారు కొలువులకు కూడా మనుషులు వచ్చారు. మన దగ్గర గిరిజనుడు కలం పట్టిన మొదటి ప్రయత్నాల్లో ఇది ఒకటి. ఒక తరం చదివితే చాలు, "వీళ్ళకు రాదు" అన్న మాట ఎంత డొల్లదో తేలిపోతుంది.

తలుపు తెరుచుకున్న రెండు తేదీలు

మొదటిది 1960 డిసెంబర్. గుంటూరు జిల్లాలో ఒక గ్రామాన్ని విడదీసి కొత్త గ్రామం చేసినప్పుడు అక్కడ మునసబు ఉద్యోగం పాత మునసబు కుటుంబానికే ఇవ్వాలని 1895 చట్టం అన్నది. గాజుల దశరథరామారావు అనే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. వంశాన్ని బట్టి ప్రభుత్వ ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణానికి విరుద్ధం అని కోర్టు తీర్పు చెప్పింది. మన జిల్లా పక్కనే పుట్టిన కేసు దేశం మొత్తానికి పాఠం అయింది.

రెండోది 1984 జనవరి 6. ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్స్‌తో కరణం, మునసబు లాంటి గ్రామోద్యోగాలను రద్దు చేసింది. తర్వాత అది చట్టం అయింది. సుప్రీంకోర్టు కూడా 1985లో దాన్ని సమర్థించింది. ఒక్కరోజులో ఉద్యోగం పోయిన కుటుంబాలు చాలా కష్టపడ్డాయి, అది కూడా నిజమే. కానీ ఆ రోజు నుంచి ఊరి దస్త్రం ఎవరి ఇంటి ఆస్తీ కాదు. పరీక్ష రాసినవాడిది.

1986లో మన రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 4 శాతం నుంచి 6 శాతం అయింది. ఇంకో సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి. జగ్గయ్యపేట దాటితే కోదాడ. ఇటు లంబాడీలు ముందునుంచే ఎస్టీ. అటు ఉన్న వాళ్ళ చుట్టాలకు 1976 సవరణ చట్టం వచ్చేదాకా ఆ గుర్తింపు లేదు. ఒకే గోత్రం, ఒకే పెళ్ళి సంబంధం, ఒక పక్క లెక్కలో ఉన్నారు, ఇంకో పక్క లేరు. జాబితాలో ఒక్క లైను ఎంత పని చేస్తుందో మన ప్రాంతం వాళ్ళకు వేరే వాళ్ళు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన డబ్బు ఎలా నడుస్తుంది

అయిదో పంచవర్ష ప్రణాళిక కాలంలో, 1974 తర్వాత గిరిజన ఉప ప్రణాళిక వచ్చింది. ఉద్దేశం మంచిదే, కానీ కేటాయించిన డబ్బు దారి మళ్ళేది. దళిత, గిరిజన సంఘాలు ఏళ్ళ తరబడి కొట్లాడితే 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. జనాభా ఎంత శాతమో బడ్జెట్‌లో అంత శాతం పక్కన పెట్టాలి అని చట్టం. పదేళ్ళ గడువు అయిపోతుంటే 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఇంకో పదేళ్ళు పొడిగించింది. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మనం 27 లక్షల పైన, అంటే అయిదున్నర శాతం. తెలంగాణ 2017లో తన చట్టంలో, ఖర్చు కాని డబ్బును మరుసటి ఏడు సర్దాలనే ఏర్పాటు కూడా పెట్టుకుంది.

ఈ డబ్బు కాగితాల మీద అంకెల రూపంలో ఉంటుంది. బడ్జెట్ పుస్తకం తెరిచి చూడండి. 2225 అంటే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీల సంక్షేమం పద్దు. దాని కింద 02 అంటే ఎస్టీల సంక్షేమం. 277 అంటే చదువు. 796 అని కనిపిస్తే అది గిరిజన ఉప ప్రణాళిక డబ్బు. వేరే శాఖల్లో, రోడ్లు, నీళ్ళు, వైద్యం పద్దుల కింద కూడా ఈ 796 ఉంటుంది. మన వాటా ఎక్కడెక్కడ ఉందో వెతకాలంటే ఆ మూడంకెలే గుర్తు.

కేటాయింపు ఒకటి, విడుదల ఒకటి, ఖర్చు ఒకటి. మూడూ ఒకటే అనుకుని మనోళ్ళు మోసపోతుంటారు. బడ్జెట్‌లో రాసినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. విడుదల ఉత్తర్వు రావాలి. డ్రాయింగ్ ఆఫీసర్ బిల్లు పెట్టాలి. సబ్ ట్రెజరీలో ఆ బిల్లు తనిఖీ చేస్తారు. పద్దు సరిగ్గా ఉందా, పద్దులో డబ్బు ఉందా, ఓచర్లు ఉన్నాయా, సంతకం సరైన అధికారిదేనా చూస్తారు. తప్పుంటే అభ్యంతరం రాసి వెనక్కి పంపుతారు. 2018 నుంచి ఇదంతా సీఎఫ్‌ఎంఎస్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో నడుస్తోంది. మార్చి 31 దాటితే ఖర్చు కాని కేటాయింపు మురిగిపోతుంది. వినియోగ పత్రం పంపకపోతే కేంద్రం నుంచి తర్వాతి వాయిదా రాదు. మన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం పెట్టాలి. ఏ ఒక్కరి కాగితం ఆగినా పిల్లోడి ఫీజు ఆగుతుంది. ఆ పిల్లోడు చదువు మానేస్తే ఏ రిజిస్టర్లోనూ అది నష్టంగా ఎక్కదు.

"బిల్లు ట్రెజరీలో ఉంది" అన్నప్పుడు మనం అడగాల్సింది ఇవి: విడుదల అయిందా? బిల్లు పెట్టారా? అభ్యంతరం రాశారా? రాస్తే ఏం రాశారు? ఈ నాలుగు ప్రశ్నలు తెలిస్తే సగం మాయ పోతుంది. చాలాసార్లు బిల్లు ట్రెజరీ దాకా రానే రాదు. ఒక్కోసారి అన్నీ సరిగ్గా ఉన్నా పైన ఆర్థిక శాఖ చెల్లింపు ఆపుతుంది. సబ్ ట్రెజరీ ఉద్యోగి దాన్ని మార్చలేడు. ఎవరి తప్పో తెలియకుండా ఎవరినో తిట్టడం వల్ల పని కాదు.

ఏ ఉద్యోగాలు ఉన్నాయి

గ్రూప్-1లో అసిస్టెంట్ ట్రెజరీ ఆఫీసర్, అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్ పోస్టులు ఉంటాయి. గ్రూప్-2లో ట్రెజరీ సీనియర్ అకౌంటెంట్, స్టేట్ ఆడిట్ సీనియర్ ఆడిటర్, వేర్వేరు శాఖల్లో జూనియర్ అకౌంటెంట్ ఉంటాయి. మనం డిప్యూటీ తహసీల్దార్ కోసమే గ్రూప్-2 చదువుతాం, ఈ పేర్లను ఆప్షన్లలో చివర పెడతాం. కేంద్రంలో స్టాఫ్ సెలక్షన్ సీజీఎల్ రాస్తే ఆడిటర్, అకౌంటెంట్, అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్ పోస్టులున్నాయి. అక్కడ మనకు 7.5 శాతం రిజర్వేషన్. యూపీఎస్సీ సివిల్స్‌లో ఇండియన్ ఆడిట్ అండ్ అకౌంట్స్ సర్వీస్ ఉంది, 1976లో వేరుగా ఏర్పడ్డ సివిల్ అకౌంట్స్ సర్వీస్ ఉంది. వీటిలో ఎక్కువ పోస్టులకు బీకామే ఉండాలని లేదు, ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. నోటిఫికేషన్‌లో చూస్కోండి.

పై మెట్టు దాకా వెళ్ళినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. దేశం ఖాతాలు తనిఖీ చేసే కాగ్ పదవిలో 2020 ఆగస్టు నుంచి 2024 నవంబర్ దాకా ఉన్న గిరీష్ చంద్ర ముర్ము ఒడిశా మయూర్‌భంజ్ నుంచి వచ్చిన సంతాల్ గిరిజనుడు. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న కె.సంజయ్ మూర్తి మన తెలుగువాడు. రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం కాగ్ నివేదిక చట్టసభ ముందు పెట్టాల్సిందే. ఏ ప్రభుత్వమైనా దానికి జవాబు చెప్పాలి.

ఒక అభ్యంతరం, నా జవాబు

"మనోడు కుర్చీలో కూర్చున్నంత మాత్రాన ఏం మారుతుంది, రూలు రూలే కదా" అని మీలో కొందరు అంటారు. న్యాయమైన ప్రశ్న. ట్రెజరీలో మనోడు ఉన్నాడని తప్పుడు బిల్లు పాస్ చేయకూడదు, చేస్తే అది మనకే చేటు. నేను అడిగేది అది కాదు. అదే రూలు తెలిసినవాడు హాస్టల్ బిల్లు ఎందుకు వెనక్కి వచ్చిందో ఒక్క లైన్లో చెప్పగలడు. మార్చి నెల రాకముందే పద్దులో ఎంత మిగిలిందో చూసి హెచ్చరించగలడు. 796 కింద రాసిన ఖర్చు నిజంగా తండాకు చేరిందా అని ఆడిట్‌లో ప్రశ్న రాయగలడు. ఆ ప్రశ్న కాగితం మీదకు ఎక్కితే ఎవరో ఒకరు జవాబు రాయాల్సిందే. ధర్నాకు విలువ ఉంది, దానివల్లే 2013 చట్టం వచ్చింది. కానీ చట్టం వచ్చాక దాన్ని కాపాడేది లెక్క చూసేవాళ్ళు. రెండు పనులకూ మనుషులు కావాలి. మొదటిదానికి మన దగ్గర ఉన్నారు. రెండోదానికి చాలా తక్కువ.

అందుకని ఒక పని పెట్టుకుందాం. డిగ్రీ చదువుతున్న వాళ్ళు ఈ ఏడు బడ్జెట్ పుస్తకాల్లో గిరిజన సంక్షేమం డిమాండ్ ఒక్కటి తీసి, 2225-02 కింద పోయిన ఏడు ఎంత కేటాయించారు, సవరించిన అంచనాలో ఎంతకు దించారు, ఈ ఏడు ఎంత రాశారు అని మూడు అంకెలు రాసి గ్రూపులో పెట్టండి. అవి ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో అందరికీ దొరుకుతాయి. గ్రూప్-2 రాసే అక్కలు, అన్నలు ఈసారి ఆప్షన్లు పెట్టేటప్పుడు ట్రెజరీ, ఆడిట్ పోస్టులను ఒకసారి పైన చూడండి. ఇప్పటికే ఆ ఉద్యోగాల్లో ఉన్న మన పెద్దలు ఎవరైనా ఈ పోస్ట్ చదివితే, తమ్ముళ్ళకు ఒక ఆదివారం గంటసేపు బిల్లు ఎలా చదవాలో చెప్పండి.

ఆ అన్న అన్నట్టు అవి లెక్కలోళ్ళ ఉద్యోగాలే. అయితే ఇక నుంచి ఆ లెక్కలోళ్ళలో మనమూ ఉండాలి.